చీమకుర్తి కంప్యూటరుకు తెలుగు వచ్చిన కథ

మా ఊళ్లో ఎవరైనా కంప్యూటరు ఆన్ కావట్లేదని ఫోన్ చేస్తే నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: "మూత తీసి ఊది ఎన్నాళ్లయింది?" వైరస్సు సంగతి తర్వాత. చీమకుర్తిలో సీపీయూ డబ్బా విప్పితే ప్రాసెసరు మీది ఫ్యాను రెక్కలకు బూడిదరంగు పొడి గట్టిగా పట్టేసి ఉంటుంది. రాయి కోసేటప్పుడు నీళ్లు పోస్తారు కాబట్టి ఆ పొడి ముందు బురదగానే బయటికొస్తుంది. ఎండాక గాలికి లేచి మా ఇళ్లలోకి వస్తుంది. లారీలు తిరిగే రోడ్డు పక్కన ఇల్లున్నవాళ్ల ఫ్యానైతే ఏడాది తిరక్కుండానే గరగరమంటుంది. మొదట్లో సైకిలు పంపుతో ఊదేవాణ్ని. తర్వాత రంగులేసే బ్రష్షు, ఇప్పుడు బ్లోయరు. ఇరవై ఏడేళ్లుగా చేస్తున్న పని ఇది.

అయితే దుమ్ము పోగొట్టడం ఎంత కష్టమైనా, ఆ డబ్బాకు తెలుగు నేర్పడం అంతకంటే కష్టమైంది. ర్యాము ఎంత, డిస్కు ఎంత అన్న చరిత్ర మీకు ఎక్కడైనా దొరుకుతుంది. మా ఊళ్లాంటి ఊళ్లకు కంప్యూటరు చరిత్ర అంటే అక్షరాల చరిత్రే అని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

హైదరాబాదులో ఈసీఐఎల్ సంస్థ టీడీసీ-12 అనే కంప్యూటరును 1969లోనే తయారుచేసింది. ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970లో, దానికి ప్రకాశం పేరు పెట్టింది 1972లో. అంటే మా జిల్లా కంటే అప్పటి మన రాష్ట్రపు కంప్యూటరు ఒక ఏడాది పెద్దది. అంత పెద్దదీ మా ఊరు రావడానికి ఇరవై ఏళ్లు పైనే తీసుకుంది. దాన్ని తెచ్చింది రాయి. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైటు ఎనభైల్లో పైకి తేలాక క్వారీలు పెరిగాయి, విదేశీ కొనుగోలుదారులు వచ్చారు, వాళ్లతోబాటు ఫ్యాక్సూ, దాని వెనకాలే కంప్యూటరూ వచ్చాయి.

నేను మొదట చూసింది 1992లో, మా నాన్న గుమాస్తాగా చేసిన ఒక గ్రానైటు ఆఫీసులో. అప్పటికి నాకు పదిహేడేళ్లు. ఊరంతటికీ ఏసీ ఉన్న గదులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒక గది మనుషుల కోసం గాకుండా ఈ పెట్టె కోసం! చెప్పులు బయట విప్పి వెళ్లాలి. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. అందులో లోటస్ వన్-టూ-త్రీ. బ్లాకు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, ఓరలూ పగుళ్లూ పోతాయని తరుగు తీసేసి, ఎన్ని క్యూబిక్ మీటర్లో తేల్చి, దాన్ని డాలర్లలోకి మార్చాలి. అంతకుముందు మా నాన్న ఈ లెక్కంతా కాగితం మీద చేసేవాడు. దశాంశ బిందువు ఒక గడి అటు జరిగితే ఆయనకు ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు. కంప్యూటరు వచ్చాక ఆయన నిద్ర బాగుపడింది. నా దృష్టిలో ఈ ఊళ్లో కంప్యూటరు చేసిన మొదటి ఉపకారం అదే.

ఆరోజు ఆపరేటరును ఒక మాట అడిగాను: "అన్నా, దీంట్లో తెలుగు వచ్చిద్దా?"

"ఇది లెక్కల మిషనురా. తెలుగెందుకు దీనికి?" అన్నాడాయన.

నిజానికి అప్పటికే వచ్చేది. ఐఐటీ కాన్పూరులో మొదలైన పనిని పుణెలోని సీడాక్ అందుకుని జిస్ట్ అనే కార్డు తయారుచేసింది. దాన్ని కంప్యూటరులో గుచ్చితే డాస్ తెర మీదే భారతీయ భాషలు కనిపించేవి. ఆ భాషలన్నిటికీ కలిపి ఇస్కీ అనే సంకేత పద్ధతి 1988లో వచ్చింది, 1991లో దాన్ని ప్రమాణంగా ఖాయపరిచారు. అంతకు ముందే, 1986లో, ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికనూ నిర్ణయించారు. ఇవన్నీ ప్రభుత్వ ఆఫీసుల గోడలు దాటి మా కర్నూలు రోడ్డు దాకా రాలేదు. మాకు తెలిసిన తెలుగు కంప్యూటరు వేరే దారిన వచ్చింది.

ఆ దారి చెన్నై మీదుగా. 1998లో మా అమ్మ చిట్టీ పాడి ముప్పై ఎనిమిది వేలు చేతిలో పెట్టింది. రిచీ స్ట్రీట్‌లో విడి భాగాలు కొని కూర్పించాను: పెంటియం ఎమ్మెమ్మెక్స్, ముప్పై రెండు ఎంబీ ర్యాము, మూడు జీబీ డిస్కు, పద్నాలుగు అంగుళాల రంగుల మానిటరు. రైల్లో తేవడానికి భయమేసింది. హార్బర్‌లో రాయి దించి ఖాళీగా తిరిగొస్తున్న మా ఊరి లారీలో, గోతాల మధ్య వరిగడ్డి కూరి పంపించాను. తెల్లారుజామున లారీ ఇంటి ముందు ఆగింది. డ్రైవరు "అబ్బాయ్, మీ టీవీ వచ్చింది" అని కేకేశాడు. ఆ కేకతో వీధి వీధంతా లేచింది. పక్కింటి పెద్దమ్మ సాయంత్రానికల్లా వచ్చి కూర్చుంది. "దీంట్లో ఈటీవీ వచ్చిద్దా అబ్బాయ్?" అంది. రాదన్నాను. ముప్పై ఎనిమిది వేలు పోసి ఈటీవీ రాని టీవీ కొన్నవాడిగా కొన్నాళ్లు వీధిలో నా పేరు నిలిచింది.

ఇక్కడ గాడ్జెట్ల మీద నా అభిప్రాయం ఒకటి చెప్పేయాలి. ఆ కంప్యూటరులో ఇవాళ్టికీ పనిచేస్తున్నది ఒక్క కీబోర్డే, టీవీఎస్ గోల్డ్. ఒక్కో మీట కింద ఒక్కో విడి స్విచ్చు ఉంటుంది. కొడితే టకటకమని పక్క గదికి వినిపిస్తుంది. డీటీపీ చేసినవాళ్లను ఎవర్నయినా అడగండి, దీని పేరు చెబితే చిన్ననాటి ఎద్దును తలుచుకున్నట్టు తలుచుకుంటారు. ఇప్పటి పల్చటి కీబోర్డుల మీద కొడుతుంటే నాకు అప్పడం మీద వేళ్లాడించినట్టుంటుంది. ఆపరేటింగ్ సిస్టముల్లో విండోస్ ఎక్స్‌పీ అంతటిది మళ్లీ రాలేదని నా వాదన. ఒప్పుకోనివాళ్లతో టీ తాగుతూ వాదించడానికి సిద్ధం.

1999లో బస్టాండు దగ్గర పదడుగుల గది అద్దెకు తీసుకుని డీటీపీ పెట్టాను. అసలు కథ అక్కడ మొదలైంది.

మా పని ఇలా ఉండేది. శుభలేఖ మ్యాటరు చేత్తో రాసి తెస్తారు. పేజ్‌మేకర్‌లో తెలుగులో కొట్టాలి. ప్రూఫు చూపించాలి. పెళ్లికొడుకు మేనమామ పేరు తప్పుపడితే పెళ్లి దాకా మాట పడాలి. తర్వాత బటర్ పేపరు మీద లేజరు ప్రింటు తీసి, కవర్లో పెట్టి, ఒంగోలు బస్సు కండక్టరు చేతికివ్వాలి. అక్కడి ప్రెస్సువాళ్లు బస్టాండుకొచ్చి తీసుకుని ప్లేటు చేసుకునేవారు. మాఘమాసం వచ్చిందంటే రోజుకు పదేసి కవర్లు. మిగతా రోజుల్లో కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు, పెద్దకర్మ కార్డులు. ఇవి కాక కంప్యూటరు జాతకాలు! పుట్టిన తేదీ, సమయం, ఊరు కొడితే పాతిక పేజీలు డాట్ మ్యాట్రిక్స్ మీద కిరకిరమంటూ వచ్చేవి. ఆ కిరకిరకే సగం నమ్మకం కుదిరేది. అదే జాతకం లేజరు మీద చప్పుడు లేకుండా తీసిస్తే "ఇది సరిగ్గా చూసిందంటావా?" అని అడిగినవాళ్లున్నారు.

కొట్టు పెట్టిన మూడో నెల్లో ఒంగోలు నుంచి ఒకాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి. పాతికేళ్లు లెటర్‌ప్రెస్సులో కంపోజిటరు. ఆఫ్‌సెట్ వచ్చి ఆ ప్రెస్సు మూతపడింది. "అబ్బాయ్, నాకీ పని నేర్పు. జీతం తర్వాత చూద్దాం" అన్నాడు. నేను బాబాయ్ అనేవాణ్ని. సీసపు అక్షరాల కేసులో ఏ గడిలో ఏ వొత్తు ఉంటుందో ఆయన చేతికి తెలుసు, కళ్లతో చూడక్కర్లేదు. కంప్యూటరు ముందు కూర్చుని మొదటి రోజు అడిగింది: "సున్నా యాడుంది?" నెల తిరిగేసరికి నాకంటే వేగంగా కొట్టాడు. తప్పుల్లేకుండా కొట్టాడు కూడా. కల్యాణానికి ల కింద య వొత్తు చాలని, రెండు లకారాలు అక్కర్లేదని నాకు నేర్పింది ఆయనే. కంప్యూటరు నేను నేర్పాను, తెలుగు ఆయన నేర్పాడు. నష్టపోయింది ఆయనే అనుకుంటాను.

ఆయన్ని విసిగించింది ఒక్కటే: కీబోర్డు అమరికలు. కొన్ని కొట్లలో పాత టైపురైటరు అమరిక, కొన్నిట్లో ఆపిల్ అమరిక, ఎక్కడో ప్రభుత్వ పని చేసేచోట డీవోఈ అనే ఇన్‌స్క్రిప్టు, కొత్త కుర్రాళ్లకు ఇంగ్లీషు స్పెల్లింగుతో కొట్టే పద్ధతి. అను, శ్రీలిపి లాంటి సాఫ్ట్‌వేర్లలో వీటిలో నచ్చింది ఎంచుకునే వీలుండేది. అందుకే పని కోసం వచ్చినవాణ్ని "ఏం చదివావు?" అని అడిగేవాళ్లు కాదు. "ఆపిల్ కీబోర్డు వచ్చా?" అని అడిగేవాళ్లు. "సీసానికి ఒక్కటే కేసు. దీనికి కొట్టుకో కేసా?" అనేవాడు బాబాయ్.

ఇక ఆ తెలుగు లోపల ఏం జరిగేదో చెబుతాను, ఎందుకంటే తర్వాత పడ్డ బాధంతా దాన్నుంచే. అప్పటి ఫాంట్లకు దొరికిన గడులు మొత్తం 256. అందులోనూ కొన్ని కంప్యూటరు తన అవసరాలకు అట్టిపెట్టుకునేది. మిగిలినవాటిలో తెలుగును సర్దాలి. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు: ఒక గడిలో క ఒడలు, ఒక గడిలో తలకట్టు, ఇంకోదాంట్లో గుడి, వేరేదాంట్లో వొత్తు. ముక్కలన్నీ ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో కూర్చున్నాయి. ఏ ముక్క ఏ గడిలో అన్నది ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా నిర్ణయించుకుంది. కాబట్టి కంప్యూటరు లెక్కలో అక్కడ తెలుగే లేదు. వీధిభాగవతంలో సత్యభామ వేషం కట్టిన మగమనిషి లాగా, లోపల ఇంగ్లీషు గుర్తు, పైన తెలుగు వేషం. వేషాల పెట్టె, అంటే ఫాంటు, పక్కన ఉన్నంతసేపు ఆట రక్తి కట్టేది. పెట్టె పోతే జడలేని సత్యభామ మీసాలతో నిలబడేది. వెతకడం కుదరదు, అకారాది క్రమంలో పెట్టడం కుదరదు, ఒక కొట్టులో కొట్టింది ఇంకో కొట్టులో తెరుచుకోదు. శుభలేఖకు ఇవేవీ అక్కర్లేదు కాబట్టి ఎవరికీ పట్టలేదు. పెళ్లయిపోయాక శుభలేఖ ఎవరిక్కావాలి?

అక్కర్లేని పని కాబట్టి సరిపోయింది. అక్కరున్న పని ఒకటి 2001లో వచ్చింది. పక్క ఊరి తెలుగు మాస్టారు రిటైరయ్యాక తన ఊరి చరిత్ర రాశారు. ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ కుటుంబం ఎక్కణ్నుంచి వచ్చింది, పొగాకు బారనీలు ఎప్పుడు లేచాయి, రాయి అమ్ముడుపోతుందని తెలియకముందు ఆ నేలలో ఏం పండేది. నూట నలభై పేజీలు. నేనూ బాబాయీ కలిసి కొట్టాం. రెండొందల కాపీలు వేయించారు. ఫైలు ఒక సీడీలో రాసి ఆయనకిచ్చి, "మాస్టారూ, ఇది వందేళ్లుంటుంది" అన్నాను. సీడీ కొత్తగా వచ్చిన రోజులు, మేమందరం అలాగే అనేవాళ్లం.

2014లో అమెరికా నుంచి ఆయన మనవరాలు ఫోన్ చేసింది. మాస్టారు పోయి నాలుగేళ్లయింది. పుస్తకాన్ని అందరికీ దొరికేలా పెట్టాలంది. సీడీ తెరుచుకుంది, ఫైలూ తెరుచుకుంది. లోపల పైన చుక్కలూ కొమ్ములూ ఉన్న ఏవో ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో శాతం గుర్తులు. ఆ ఫాంటు ఉన్న నా హార్డుడిస్కు 2006లోనే చచ్చిపోయింది. ఏ కంపెనీ ఫాంటో గుర్తుంది, పేరు ఇప్పుడెందుకులెండి. ఏ వెర్షనో మాత్రం గుర్తులేదు. వెర్షను మారితే గడులూ మారతాయి.

మాకు పొరుగున ఉన్న అద్దంకిలో పండరంగడి శాసనం క్రీ.శ. 848 నాటిది. తెలుగు పద్యం, తరువోజ ఛందస్సు, రాతి మీద చెక్కింది. పదకొండొందల ఏళ్లు దాటినా చదివేవాళ్లు చదువుతూనే ఉన్నారు. నేను కొట్టింది పదమూడేళ్లకే చదవడానికి పనికిరాకుండా పోయింది. రాయి అమ్ముకుని బతికే ఊరివాణ్ని కాబట్టి ఈ పోలిక కాస్త ఎక్కువగానే గుచ్చుకుంది.

దీనికి మందు అప్పటికే ఉంది, మేం వేసుకోలేదంతే. యూనికోడ్ మొదటి వెర్షను 1991లో వచ్చినప్పుడే అందులో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ఇస్కీ వరసనే ఆధారంగా తీసుకున్నారు. ఇక్కడ క అంటే క. ఫాంటు ఏదైనా, కంప్యూటరు ఎవరిదైనా, లోపల రాసుకునేది ఆ ఒక్క సంఖ్యే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు కూడా ఉంది. కాకపోతే మన భాషలు సరిగ్గా కనపడాలంటే రీజనల్ ఆప్షన్లలోకెళ్లి ఒక గడిలో టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ పెట్టాలి. మా ఊళ్లో ఎక్స్‌పీ లేని కంప్యూటరు లేదు. దాని అసలు సీడీ ఉన్న ఇల్లు మాత్రం నేను చూడలేదు.

ఆ రోజుల్లో తెలుగును ముందుకు లాగింది విదేశాల్లో ఉన్నవాళ్లూ, ఇక్కడి కొందరు కుర్రాళ్లూ. తొంభైల్లోనే అమెరికా రైస్ యూనివర్సిటీలో తెలుగువాళ్లు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని తయారుచేశారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అనే యూనికోడ్ ఫాంట్లు చేసి ఊరికే పంచిపెట్టారు. వెన్న నాగార్జున 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు బీజం వేశారు. పత్రికలవాళ్లు ఎవరి ఫాంటులో వాళ్లు పెట్టుకున్న తెలుగును యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే సాధనం కూడా ఆయనదే. వీవెన్ చేసిన లేఖినిలో అటు ఇంగ్లీషులో కొడితే ఇటు తెలుగు వచ్చేది. 2006లో ఒంగోలు నెట్ సెంటర్లో దాన్ని మొదటిసారి చూశాను. గంటకు ఇరవై రూపాయలు. మా ఊరి పేరు కొట్టి, కాపీ చేసి, వెతికే చోట అతికించాను. ఏదో పేజీలో చీమకుర్తి అన్న మాట దొరికింది. తెలుగులో వెతికితే తెలుగు దొరకడం అదే మొదలు నాకు. ఆ పేజీలో ఏముందో గుర్తులేదు. ఇరవై రూపాయల్లో మిగతా సేపంతా ఆ మాటను చూస్తూ కూర్చున్నాను.

మరి అంత సంతోషపడ్డవాడివి కొట్టులో ఎందుకు మార్చలేదంటారా? పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు అర్థం కాదు. 2001లో వచ్చిన ఏడో వెర్షనుతో దాని ఎదుగుదల ఆగిపోయింది. దాని తర్వాతి తరం ఇన్‌డిజైన్‌కు మన లిపులు కూర్చడం 2012లో, సీఎస్6తో గానీ రాలేదు. ఇంకో కారణం చెబితే నవ్వుతారు: కొసలు వంపులు తిరిగిన శుభలేఖ ఫాంట్లు యూనికోడ్‌లో లేవు. పెళ్లివాళ్లు ఆల్బమ్‌లో వేలుపెట్టి "ఈ రకం అక్షరాలే కావాలి" అంటారు. వాళ్లకు ప్రమాణాల గురించి ఉపన్యాసం ఇస్తే పక్క కొట్టుకు పోతారు. తర్వాత సిలికానాంధ్ర చొరవతో మండలి, సూరన్న, రామభద్ర, ధూర్జటి, గిడుగు లాంటి ఫాంట్లు ఉచితంగా వచ్చాయి. పుస్తకానికి సూరన్న బాగుంటుంది, శీర్షికకు రామభద్ర. పెళ్లికార్డుకు మాత్రం మా కస్టమర్లు ఇంకా పాతవే అడుగుతారు. ఇప్పుడు పెళ్లికార్డు వాట్సాప్‌లో బొమ్మగా పోతోంది కాబట్టి ఆ అవసరమూ సన్నగిల్లింది.

కీబోర్డు విషయంలో నా తీర్పు ఇన్‌స్క్రిప్టుకే. ముప్పై దాటాక నేర్చుకున్నాను, మూడు వారాలు పట్టింది. ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతాలు, కుడిచేతి వైపు హల్లులు. కె మీట మీద క, ఎల్ మీద త, హెచ్ మీద ప, పొల్లుకు డి. ఒకసారి వేళ్లకు పట్టాక ఇంగ్లీషు స్పెల్లింగు ఆలోచించక్కర్లేదు. మా అమ్మాయి నవ్వుతుంది. అది ఫోనుకు చెప్పి రాయిస్తుంది. బాగానే రాస్తోంది, ఒప్పుకుంటాను. కాకపోతే మొన్న చీమకుర్తి అని చెబితే రెండు ముక్కలు చేసి రాసి, ఆడపిల్లల కుర్తీల బొమ్మలు చూపించింది.

యూనికోడ్‌లో కంటికి కనపడని అక్షరం ఒకటుంది. సాఫ్ట్‌వేర్ అని రాస్తే ట కింద వ వొత్తు పడకుండా ఆపేది అదే. బాబాయ్‌కి దాని గురించి చెబితే "కనపడనిదానికి గడెందుకురా?" అన్నాడు. 2018 ఫిబ్రవరిలో ఆ కనపడనిదే ప్రపంచమంతా తిరిగింది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత ఇది, దాని వెనక దీర్ఘం, ఈ వరసలో ఎవరైనా పంపితే ఐఫోన్‌లో మెసేజీల యాప్ కుప్పకూలేది. చూడ్డానికి అది జ్ఞానంలోని మొదటి అక్షరం, జ్ఞా. ఐవోఎస్ 11.2.5లో ఉన్న ఈ లోపాన్ని ఆపిల్ కంపెనీ ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. "తెలుగెందుకు దీనికి?" అన్న ఆ ఆపరేటరన్న ఆ వారం నాకు ఎందుకో చాలాసార్లు గుర్తొచ్చాడు.

మాస్టారి పుస్తకం ఏమైందంటే, మార్పిడి సాధనాలు ఒకటి తర్వాత ఒకటి ప్రయత్నించాను. చాలా మట్టుకు తెలుగైంది గానీ వొత్తులు తారుమారయ్యాయి. అచ్చు ప్రతి పక్కన పెట్టుకుని ఇరవై మూడు రాత్రులు కూర్చున్నాను. మొదటి వారం బాబాయ్ వచ్చి గట్టిగా చదివిపెట్టాడు, తర్వాత కళ్లు సహకరించలేదు. నూట నలభై పేజీలూ ఇప్పుడు యూనికోడ్‌లో ఉన్నాయి. అచ్చు ప్రతి గనక లేకపోతే ఏ చెరువు ఎవరు తవ్వించారో ఊహించి రాయాల్సి వచ్చేది.

మీ ఇంట్లోనూ పాత సీడీ ఉండే ఉంటుంది: తాతగారి పద్యాలో, వంశవృక్షమో, గుడి చరిత్రో. కొట్టిపెట్టిన డీటీపీ ఆయన ఇంకా ఉంటే ఈ వారమే వెళ్లి ఏ ఫాంటు, ఏ వెర్షను అని అడిగి సీడీ మీదే రాయించుకోండి. ఆయన లేకపోతే మా కొట్టుకు తీసుకురండి, చీమకుర్తి బస్టాండు దగ్గరే. డబ్బులు వద్దు. అచ్చు ప్రతి ఉంటే అది కూడా పట్టుకురండి, వొత్తులు సరిచూసుకోవాలి.